మక్క పుట్టింది ఎక్కడో, నిలబెట్టింది మన పెద్దలు

(యువతీ యువకుల శిక్షణా సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాం.)



పొద్దటి నుంచి భూమి మీద, అడవి మీద, పట్టాల మీద మాట్లాడుకున్నం. పట్టా వచ్చిన చెల్కలో ఏ విత్తనం పడుతది, ఆ విత్తనం ఎవరి చేతిలో ఉంటది అనేది కూడా హక్కుల ముచ్చటే. అందుకే నేను ఇయ్యాల మక్క గురించి మాట్లాడుతా.

ఇక్కడ అమ్రాబాద్, మన్ననూరు దిక్కు నుంచి వచ్చిన చెంచు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నరు. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చినోళ్లు ఉన్నరు. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్కల సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వాన మీద నమ్మకం తక్కువ. అందుకే మన పెద్దలు ఒక్క పంటను నమ్ముకోలేదు. జొన్న, సజ్జ, కొర్ర, తైదలు, కంది, ఉలవ, ఆముదం, వాటి మధ్యల మక్క. ఇంటి పక్కన కంచె కట్టిన జాగాలో నాలుగు సాళ్లు వేసుకుంటే చాలు. గుమ్మిలో పాత గింజలు అయిపోయి, జొన్న ఇంకా చేతికి రాని ఆకలి దినాల్లో ఆదుకునేది పచ్చి మక్క కంకులే. ఎండినంక అదే గట్క, అదే రొట్టె, అదే పేలాలు.

ఈ మక్క మీద రెండు రకాల మాటలు వినపడుతుంటయి. ఒకరు అంటరు, మక్క అమెరికా నుంచి వచ్చిన పంట, దానికి దేశవాళీ ఏంది, ఆదివాసీ విత్తనమేంది అని. ఇంకొకరు అంటరు, కాదు కాదు, మక్క మన దేశంలోనే పుట్టింది, పాత గుళ్ల శిల్పాల్లో కూడా ఉన్నది అని. మొదటి మాటలో పుట్టుక గురించి చెప్పింది నిజమే, దాని మీద తీసిన తీర్పు తప్పు. రెండో మాటకు రుజువు లేదు, మనకు దాని అవసరం కూడా లేదు. ఎందుకో వివరంగా చెప్తా.

ముందు పేరు చూడండి. మనం మక్క అంటం, మక్కజొన్న అంటం. కోస్తా దిక్కు మొక్కజొన్న అంటరు. జొన్న అనే మాట పక్కన ఉండనే ఉంది. అంటే ఈ గింజ వచ్చేనాటికే ఇక్కడ జొన్న ఉన్నది. కొత్తగా వచ్చినదాన్ని జనం తమకు తెలిసిన గింజతో పోల్చుకొని పిలుచుకున్నరు. మక్క అన్న మాట మక్కా నగరం పేరు నుంచి వచ్చిందని చాలామంది రాశారు. అరబ్బు దేశాల దిక్కు నుంచి వచ్చిందని అనుకొని ఆ పేరు పెట్టి ఉంటారని వాళ్ల లెక్క. ఇటలీ వాళ్లు దీన్ని టర్కీ గోధుమ అన్నరు. నిజానికి అది మక్కాలోనూ పుట్టలేదు, టర్కీలోనూ పుట్టలేదు.

పుట్టింది మెక్సికోలో. ఆ దేశం నైరుతి దిక్కున బల్సాస్ అనే నది లోయ ఉంది. అక్కడ ఇప్పటికీ టియోసింటే అనే గడ్డి పెరుగుతది. పిలకలు మస్తుగ వేస్తది. దాని కంకి మన వేలంత కూడా ఉండదు. పది గింజలు అటూ ఇటూ, ఒక్కో గింజ మీద రాయిలాంటి గట్టి పెంకు. చూస్తే మక్కకు తాత అని ఎవరూ అనుకోరు. 1939లోనే జార్జ్ బీడిల్ అనే శాస్త్రవేత్త ఈ గడ్డే మక్కకు మూలం అని వాదించాడు. చాలామంది నమ్మలేదు. తర్వాత ఆయన మక్కనూ టియోసింటేనూ కలిపి, వాటి మనుమల తరంలో దాదాపు 50,000 మొక్కలు పెంచి చూశాడు. సుమారు 500 మొక్కలకు ఒకటి అచ్చంగా మక్కలాగానో, అచ్చంగా గడ్డిలాగానో వచ్చింది. అంటే ఈ రెండింటి మధ్య పెద్ద తేడాలన్నీ నాలుగైదు జన్యువుల చుట్టే తిరుగుతున్నయని ఆయన తేల్చాడు. 2002లో వచ్చిన జన్యు పరిశోధన ఇంకా స్పష్టంగా చెప్పింది: మక్క ఒక్కసారే, సుమారు 9,000 ఏళ్ల కింద, ఆ బల్సాస్ గడ్డి నుంచి తయారైంది.

తయారైంది అంటే ఎవరు తయారు చేసిన్రు? కంపెనీ కాదు, యూనివర్సిటీ కాదు. ఆ లోయలో బతికిన ఆదివాసీలు. పెంకు తక్కువున్న గింజ కనపడితే దాచుకున్నరు. పిలకలు తగ్గి కాండం బలంగా ఉన్న మొక్క కనపడితే దాని విత్తనం పెట్టుకున్నరు. ఆ పని వందల తరాలు చేసిన్రు. ఇయ్యాల కోట్ల మంది తినే, కోట్ల కోళ్లు తినే, స్టార్చ్ ఫ్యాక్టరీలు నడిచే ఈ గింజ మొత్తం ఆదివాసీల చేతి పని. ఈ సంగతి మనం గట్టిగా చెప్పాలె.

మరి మన దగ్గరికి ఎట్లొచ్చింది? 1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాత మక్క సముద్రం దాటింది. పోర్చుగీసు ఓడలు, వర్తకుల బాటలు పట్టుకొని 16వ శతాబ్దంలో ఇండియాకు వచ్చిందని ఎక్కువ మంది చరిత్రకారులు ఒప్పుకుంటరు. గుడి శిల్పాల ముచ్చట ఇక్కడే వస్తది. కర్ణాటకలో సోమనాథపురం కేశవాలయం 13వ శతాబ్దానిది. అక్కడి విగ్రహాల చేతుల్లో గింజలు గింజలుగా, కంకి ఆకారంలో ఒక వస్తువు ఉంటది. అవి మక్క కంకులే అని 1989లో జోహాన్నెసెన్, పార్కర్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. 1993లో పాయక్, సచాన్ అనే మన దేశపు శాస్త్రవేత్తలు జవాబిచ్చారు. అది మక్క కాదు, ముత్యాలతో చేసినట్టు ఊహించి చెక్కిన ముక్తాఫలం అన్నరు. తవ్వకాల సంగతి చూసినా అంతే. ఉలవలు, పెసలు, కొర్ర జాతి గింజలు దక్షిణాదిలో నాలుగైదు వేల ఏళ్ల పాత ఊళ్ల బూడిద కుప్పల్లో దొరుకుతున్నయి. మక్కకు అంత పాత సాక్ష్యం లేదు.

కొందరు ఈ మాట వినగానే చిన్నబోతరు. మనం ప్రాచీనం అని చెప్పుకోకపోతే హక్కు పోతదేమో అని భయం. ఒకసారి మన పళ్లెంలో ఉన్నవి లెక్క పెట్టండి. జొన్న ఆఫ్రికాలో సుడాన్ దిక్కున పుట్టింది. తైదలు ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలల నుంచి. సజ్జ సహారా ఎడారి అంచు నుంచి. మిరపకాయ, పల్లి, టమాట అమెరికా నుంచి. ఉలవ మన దక్షిణాదిది. పుట్టుకను బట్టి హక్కు తేలుస్తం అంటే, పాలమూరు జొన్న రొట్టె మీద కూడా పాలమూరుకు హక్కు ఉండదు. అది ఎవరన్నా ఒప్పుకుంటరా?

విత్తనం మీద హక్కు ఎవరిదంటే, ఏడాదికి ఏడాది దాన్ని ఎంచి, దాచి, మళ్లీ మట్టిలో పెట్టి బతికించినోళ్లది. ఆకలైనా విత్తనం గింజ తినకుండా కాపాడినోళ్లది. మెక్సికో ఆదివాసీలకు మక్క మీద ఉన్న హక్కును మనం తీసుకోవడం లేదు. వాళ్లు పుట్టించారు. మన పెద్దలు మన చెల్కకు, మన వానకు, మన పొయ్యికి దాన్ని అలవాటు చేశారు. రెండూ పనే.

అలవాటు చేయడం అంటే ఏందో జర లోపలికి పోయి చూద్దాం. మక్కకు మగ పువ్వు నెత్తి మీద ఉంటది, అదే జల్లు. ఆడ పువ్వు నడుమున ఉంటది, అదే కంకి. కంకి కొసన వేలాడే పీచు చూశారు గదా, అందులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. జల్లు నుంచి లక్షల కొద్దీ పుప్పొడి రేణువులు గాలిలో ఎగురుతయి. ఒక్కో పోగు మీద ఒక్కో రేణువు పడి, ఒక్కో గింజ కడుతది. అంటే ఒకే కంకిలో పక్కపక్కన ఉన్న గింజలకు తల్లి ఒక్కటే, తండ్రులు మాత్రం వేరువేరు మొక్కలు కావచ్చు. జొన్న ఎక్కువగా తన పువ్వుతో తానే గింజ కడుతది, అందుకే దాని గుణం జల్ది మారదు. మక్క అట్ల కాదు, ప్రతి ఏడాదీ కలుస్తనే ఉంటది. రెండు మక్క రకాల మధ్య జన్యువుల్లో ఉండే తేడా మనిషికీ చింపాంజీకీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువని శాస్త్రవేత్తలు పోల్చి చెప్తుంటరు. అంత వైవిధ్యం ఒక గుప్పెడు గింజల్లో ఉంటది.

ఆ వైవిధ్యంలోంచే మన చెల్కకు కావలసింది మన పెద్దలు ఏరుకున్నరు. జల్ది కోతకొచ్చే మొక్క, వాన వెనకకు పోయినా పీచు వేసే మొక్క, కంకిని ఆకులు కొస దాకా గట్టిగా కప్పితే పురుగూ పిట్టా సొరబడని మొక్క. గట్కకు బాగుండే గింజ వేరు, పేలాలకు పేలే గింజ వేరు. పాత మక్కలు మన దేశంలో ఎక్కువగా గట్టి గింజవి. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటయి, నిలవకు ఆగుతయి. ఇంకొక తీరు గింజ నెత్తిన పన్ను ఒత్తినట్టు గుంట ఉంటది. మీ ఇంట్లో అవ్వ కంకిని చూడగానే ఇది దేనికి పనికొస్తదో చెప్తదా లేదా? అది చదువు కాకపోతే ఏది చదువు?

గింజల మీద రంగు రంగుల చుక్కలు, గీతలు ఉన్న మక్కలు మీరు చూసి ఉంటరు. బార్బరా మెక్లింటాక్ అనే ఆమె అట్లాంటి చుక్కల గింజలనే ఏళ్ల తరబడి చూసి, జన్యువులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దుంకుతయని కనిపెట్టింది. మొదట్లో చాలామంది పట్టించుకోలేదు. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. అసొంటి చుక్కల గింజను మనోళ్లు అందంగుందని దాచుకున్నరు. దాచుకున్నందుకే చూడ్డానికి మిగిలింది.

మన దేశంలోనే ఇంకొక ఉదాహరణ. సిక్కిం కొండల్లో మురళీ మకై అని ఒక పాత రకం ఉంది. ఒక్క మొక్కకు ఐదు నుంచి తొమ్మిది దాకా చిన్న చిన్న కంకులు వేస్తది. 1960లలో ధావన్ అనే శాస్త్రవేత్త దాన్ని సిక్కిం ప్రిమిటివ్ అని లోకానికి చూపిస్తే, ఇది ఎన్నాళ్ల కిందటిదో, అసలు మక్క ఇక్కడ కూడా పుట్టిందేమో అని పెద్ద చర్చ నడిచింది. కొండ జనం చేతిలో కాపాడబడ్డ ఒక్క రకం శాస్త్రాన్నే ఆలోచనలో పడేసింది. భాగ్ సింగ్ 1977లో భారతదేశపు మక్క జాతుల మీద పుస్తకం వేశాడు. అందులో ఈశాన్య కొండల మక్కలకు దక్కిన చోటు పెద్దది. మన దక్కన్ ఎర్ర చెల్కల మక్కల మీద అంత పని జరగలేదు. అందుకే ఆ పని మనమే మొదలుపెట్టాలె. ఎట్లనో తర్వాత చెప్తా.

విత్తనంతో పాటు తెలివి కూడా నడవాలె. ఇది మరిచిపోతే ఏమైతదో చరిత్ర చూపించింది. మెక్సికో ఆదివాసీలు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బి రొట్టె చేస్తరు. అట్ల చేస్తే గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతది. ఐరోపా వాళ్లు విత్తనం తీసుకపోయిన్రు, ఈ పద్ధతి తీసుకపోలేదు. అక్కడి పేదలు మూడు పూటలా మక్క పిండే తిన్నరు. తోలు మాడి పగిలిపోయే, మతి తప్పే జబ్బు వచ్చింది. 1735లో స్పెయిన్‌లో కాసాల్ అనే వైద్యుడు దాన్ని గుర్తించాడు. దాని పేరు పెల్లాగ్రా. అదే జబ్బును 1960లో మన హైదరాబాద్ పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా జొన్న తిని బతికే దక్కన్ పేదల్లో చూసి లోకానికి చెప్పారు. ఒక్క గింజే తిండి అయితే, పక్కన పప్పు లేకపోతే, ఆకుకూర లేకపోతే, చల్ల లేకపోతే, అది ఏ గింజైనా మనిషిని దెబ్బ తీస్తది. మన పెద్దలు మక్క సాళ్ల మధ్యన కంది, బొబ్బర, అనుము వేసింది ఊరికే కాదు. మెక్సికోలో కూడా మక్క, చిక్కుడు, గుమ్మడి కలిపే వేస్తరు. చేనులో కలిసి ఉన్న పంటలే పళ్లెంలో కలిసి ఉంటయి.

ఇప్పుడు హైబ్రిడ్ ముచ్చటకు వద్దాం. ఇక్కడ కోపంతో కాకుండా లెక్కతో మాట్లాడుకోవాలె. మన దేశంలో మక్క మీద జాతీయ స్థాయి పరిశోధన పథకం 1957లో మొదలైంది. 1961లో మొదటి హైబ్రిడ్లు వచ్చినయి. గంగా 1, గంగా 101, రంజిత్, వాటితో పాటు మన హైదరాబాద్ కేంద్రం పనితో వచ్చిన దక్కన్. దిగుబడి పెరిగింది, అది నిజం. అమ్ముకోవడానికి పండించే రైతు వాటిని కోరుకున్నడంటే తప్పు పట్టలేం. అయితే రెండు సంగతులు యాది పెట్టుకోండి.

ఒకటి, ఆ హైబ్రిడ్లు గాలిలోంచి పుట్టలేదు. కరీబియన్ దీవుల నాటు మక్కలు, అమెరికా మక్కలు, ఇట్లా ఎక్కడెక్కడి రైతులో వందల ఏళ్లు పెంచిన రకాల నుంచి తీసిన గింజలే వాటికి తల్లిదండ్రులు. నాటు విత్తనం లేకుంటే హైబ్రిడ్ కూడా లేదు. రెండు, హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ విత్తితే పిల్లలు తల్లిలా రావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దిగుబడి పడిపోతది. కాబట్టి ఏటేటా దుకాణానికి పోవాల్సిందే. విత్తనం ఇంట్లో ఉన్న రైతు వాన పడ్డ దినమే విత్తుతడు. విత్తనం దుకాణంలో ఉన్న రైతు ముందు అప్పు కోసం తిరుగుతడు.

అందరూ ఒక్క రకమే వేస్తే ఏమైతదో అమెరికానే చూసింది. 1970లో అక్కడి హైబ్రిడ్ మక్కల్లో దాదాపు 85 శాతం ఒకే తల్లి గుణం మీద నడుస్తున్నయి. జల్లు పీకే కూలి ఖర్చు తప్పుతదని అందరూ ఆ ఒక్కదాన్నే వాడిన్రు. దానికి సరిగ్గా సరిపోయే ఆకుమాడు తెగులు వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మక్క పంటలో 15 శాతం దాకా పోయింది. మన కాడ 2018లో కత్తెర పురుగు దిగింది. ముందు కర్ణాటకలో కనపడింది, అదే ఏడాది తెలంగాణ చేన్లలోకి వచ్చింది. అది కూడా అమెరికా ఖండం పురుగే. నాటు మక్క వేస్తే పురుగు రాదని నేను చెప్పను, అట్ల చెప్పేవాళ్లను నమ్మకండి కూడా. కానీ రేపు కొత్త తెగులు, కొత్త పురుగు వచ్చిననాడు తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్త ఎక్కడ వెతుకుతడు? ఎవరి ఇంట్లోనో దూలానికి వేలాడుతున్న పాత కంకుల్లో వెతుకుతడు. ఆ కంకి లేకుంటే వెతకడానికే ఏమీ ఉండదు.

ఆదివాసీ చేను కంపెనీ విత్తనానికి కూలి చేను కావడం కూడా చూస్తున్నం. విత్తన మక్క సాగులో ఆడ సాళ్లు, మగ సాళ్లు వేరు వేరుగా వేసి, ఆడ సాళ్ల జల్లు పీకేయాలె. విత్తనం కంపెనీది, తల్లి రకం కంపెనీది, భూమి, చెమట మనది. 2025లో ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు, కన్నాయిగూడెం దిక్కు ఆదివాసీ రైతులు విత్తన మక్క వేసి, పంట పోయి, పరిహారం కోసం పోరాడాల్సి వచ్చింది. వందల ఏళ్లుగా సొంత విత్తనం పెట్టుకున్న జనం, ఒప్పంద కాగితం కూడా చేతిలో లేకుండా ఇంకొకరి విత్తనం పండించే కాడికి వచ్చిన్రు.

ఇంకొక పక్క చూడండి. మెక్సికోలో వహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో మిహే అనే ఆదివాసులు ఉంటరు. వాళ్ల ఊరు తొతోంతెపెక్ చుట్టూ ఒక నాటు మక్క ఉంది. తాటి పిల్లలా ఎత్తు పెరుగుతది. కాండం నుంచి గాలిలోకే వేర్లు వేస్తది, ఆ వేర్ల నుంచి జిగురు కారుతది. 2018లో శాస్త్రవేత్తలు తేల్చింది ఏందంటే, ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మక్కకు ఇస్తున్నయి. మొక్కకు కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా గాలి నుంచే వస్తున్నది. యూరియా బస్తా కోసం లైన్‌లో నిలబడ్డ రైతుకు దీని విలువ వేరే చెప్పాలా? ఆ గుణం మీద కంపెనీకీ ఊరికీ మధ్య లాభం పంచుకునే ఒప్పందం జరిగింది. అందులో ఊరికి ఎంత దక్కుతదో బయటకు చెప్పలేదని విమర్శలు కూడా వచ్చినయి. మనకు పాఠం ఏందంటే, విత్తనం ఫలానా జనానిది అని ముందే రాసి ఉంటేనే ఒప్పందం దాకా అయినా మాట వస్తది. రాత లేకుంటే గింజ సంచిలో పడి పోతది, పేరు కూడా మిగలదు.

మన చేతిలో చట్టాలు లేవా అంటే, ఉన్నయి. మూడు చెప్తా, రాసుకోండి.

మొదటిది 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ పేరు, బ్రాండు వేసి అమ్మడానికి మాత్రం వీల్లేదు. అదే చట్టం కింద ఒక ఊరు లేదా ఒక సముదాయం తన నాటు రకాన్ని రైతు రకంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. మన రకాన్ని వాడి ఎవరన్నా కొత్త రకం తెస్తే లాభంలో వాటా అడగొచ్చు.

రెండోది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలె. చాలా చోట్ల ఆ రిజిస్టర్ అంటే ఆఫీసులో కూర్చొని నింపిన కాగితమే. మీ పంచాయతీలో అది ఉందా, అందులో మీ పెంట పేరు, మీ తండా పేరు, మీ విత్తనం పేరు ఉందా అని అడగండి.

మూడోది మనందరికీ తెలిసిన 2006 అటవీ హక్కుల చట్టం. పట్టా కాగితం కాడనే ఆగిపోకుండా సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి మేధోపరమైన హక్కు ఉందని అది చెప్తది. దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ హక్కును కూడా రాయండి.

చట్టం ఉంటే సరిపోదు, నిలబడే మనుషులు కావాలె. ఒడిశా కోరాపుట్‌లో కమలా పుజారి అనే ఆదివాసీ తల్లి బడి చదువు లేకుండానే ఊరూరా తిరిగి వరి నాటు రకాలను కాపాడింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. మన జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ చుట్టూ దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కూడి, ఇంటింటా చిరుధాన్యాల విత్తనాలు నిలబెట్టిన్రు. వాళ్లకు చేతనైనప్పుడు మనకెందుకు కాదు?

మక్కను కాపాడుడు మాత్రం జొన్నను కాపాడినంత సులువు కాదు. గాలితో కలిసే పంట కాబట్టి పక్క చేనులో హైబ్రిడ్ ఉంటే దాని పుప్పొడి మన పీచు మీద వాలుతది. తెల్ల మక్క ఉన్నోళ్లకు ఇది ఆ ఏడాదే కనపడుతది. తెల్ల కంకిలో అక్కడక్కడ పచ్చ గింజలు వచ్చినయంటే, పక్క చేను పచ్చ మక్క వచ్చి కలిసిందని అర్థం. ఆ గింజలను ఏరి గట్కకు వాడుకోండి, విత్తనానికి పెట్టకండి. పచ్చ మక్కలో అయితే కలిసింది కంటికి కనపడదు, అందుకే ఇంకా జాగ్రత్త కావాలె.

ఇక చేయాల్సిన పనులు.

ఈ సభ అయిపోయి ఇంటికి పోగానే మీ అవ్వనో, అమ్మమ్మనో, నాయినమ్మనో అడగండి. పాత మక్క ఉందా? ఏ పేరుతో పిలిచేది? గింజ రంగేంది? ఎన్ని దినాలకు కోతకొచ్చేది? ఏ వంటకు? విత్తనం ఎవరి కాడ తెచ్చుకున్నది? ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేయండి, ఆమె ఒప్పుకుంటేనే. చెంచు మాటలో చెప్తే అట్లనే, లంబాడీ మాటలో చెప్తే అట్లనే ఉంచండి. పేరును తెలుగులోకి మార్చకండి. పేరే సాక్ష్యం.

కంకి దొరికితే ఒక ఫోటో తీసుకోండి, పక్కన స్కేలు పెట్టి. ఊరు, పెంట, తారీఖు రాయండి. కానీ ఒక మాట: విత్తనం ఎవరి ఇంట్లో ఉందో ఆ వివరాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. విత్తనం అడిగినోళ్లకు గ్రామసభ తీర్మానం లేకుండా, కాగితం మీద రాయించుకోకుండా ఇవ్వకండి. ఊళ్లో చుట్టాలకు, పక్క తండాకు ఇచ్చుడు వేరు. అది మన ఆచారం, దాన్ని ఆపొద్దు.

విత్తేటప్పుడు పక్క హైబ్రిడ్ చేనుకు కనీసం 200 మీటర్ల దూరం చూసుకోండి. అంత జాగా లేకుంటే, ముందో వెనకో మూడు నాలుగు వారాల తేడాతో విత్తండి. రెండు చేన్లూ ఒక్కసారి పూతకు రాకుంటే కలవవు. అదీ కాకుంటే చేను అంచు సాళ్లు తిండికి కోసుకొని, నడుమ సాళ్ల నుంచి విత్తనం తీయండి.

విత్తనానికి పెద్ద కంకి ఒకటి రెండు చాలని అనుకోవద్దు. మక్కలో కొద్ది కంకుల నుంచే విత్తనం తీస్తే నాలుగైదు తరాలకు పంట కుంగిపోతది. మేనరికం మీద మేనరికం పడ్డట్టు. కనీసం వంద కంకుల నుంచి కొన్ని కొన్ని గింజలు తీసి కలపండి. ఒక్క ఇంట్లో వంద కంకులు లేకుంటే పది ఇండ్లు కలవండి. ఇక్కడే సంఘం పని వస్తది. ఒక్క కుటుంబం జొన్నను కాపాడగలదు, మక్కను కాపాడాలంటే ఊరు కావాలె.

దాచుడు మీకు తెలిసిందే. ఆకులు వెనక్కి మడిచి జడలా అల్లి పొయ్యి మీది దూలానికి వేలాడదీస్తే పొగకు పురుగు పట్టదు. గింజలైతే బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు వేసి మూత పెట్టండి. గ్యాస్ పొయ్యి వచ్చిన ఇంట్లో పొగ లేదు కాబట్టి ఎండ మీదా, గట్టి మూత మీదా ఎక్కువ శ్రద్ధ పెట్టాలె.

చివరి మాట. రేపు ఎవరన్నా మిమ్మల్ని, మక్క మీదా మీ హక్కు, అది మెక్సికోది గదా అని అడుగుతరు. తలదించుకోకండి, లేని పురాణం కూడా చెప్పకండి. అవును, మెక్సికో ఆదివాసీలు పుట్టించారు, వాళ్లకు జోహార్ అనండి. మా చెల్కలో దాన్ని ఇన్ని తరాలు నిలబెట్టింది మా అవ్వలు, ఇదిగో దాని పేరు, ఇదిగో విత్తనం, ఇదిగో గ్రామసభ తీర్మానం అని చూపించండి. ఈ వానాకాలం విత్తనం పడకముందే ఆ మూడూ మీ చేతిలో ఉండాలె.

జోహార్.